వాటం

తెల్ల సిమెంటు ఖాళీ సంచిల దొరికింది.
ఎంత దులిపినా తెలుపు పోలే.
అందుకే సున్నం అని పేరు.

బోరబండల మా రెండర్రల ఇల్లు దానిదే.
రేకుల మీద దాని నడక వినవడితే గాని
సబితకు నిద్ర పట్టకపోయేది.

రాత్రంత వాన కొట్టి ఆగిన ఒక పొద్దుగాల
గ్యాసు పొయ్యి కింద
తడిబట్ట పిండినట్టు మెలికలు తిరుగుతున్నది.
లేస్తది, ఎడమకు ఒరుగుతది.
మల్ల లేస్తది, మల్ల ఎడమకే.
ఎమ్మెమ్టీఎస్ కిటికీల కూసొని
కరెంటు స్తంభాలు లెక్కవెట్టే పోరగాని తీరు
కండ్లు పక్కకు కొట్టుకుంటున్నయి.

నారాయణగూడ పశువుల దవాఖాన దాక
ఆటో మలిగినప్పుడల్ల నా అంగీల గోర్లు దింపింది.
డాక్టరమ్మ అఫ్రీన్ చెవిల లైటు కొట్టి
"లోపలి చెవి వాచిందన్నా.
భూమి ఎక్కడున్నదో చెప్పేది అదే" అన్నది.
ఏమనాల్నో తెల్వక
పని సంచిలకెల్లి రసమట్టం తీసి చూపిచ్చిన.
"ఇసొంటిదా మేడం?"
బుడగ దిక్కు జరసేపు చూసింది.
"ఇసొంటిదే. కాని దీనికి రెండుంటయి."

ఇరవయ్యొక్క దినాల మందు.
రాత్రి లైటు ఆర్పొద్దన్నది.
చీకట్ల దానికి కింద ఏదో మీద ఏదో తెల్వదంట.
కరెంటు బిల్లని గొణిగిన సబితనే
నడిజామున రెండుసార్లు లేసి
బల్బు ఎలుగుతున్నదా అని చూసేది.

మా ఇంటి నేల నా చేతి పనే.
మాదాపూర్ల మిగిలిన ముక్క, మణికొండల పగిలిన ముక్క,
ఒకరి పూజగది అంచు, ఒకరి వంటింటి మూల,
గీతకు గీత కలిపి అద్దం తీరు పరిచిన.
వచ్చినోళ్లు వంగి మొకం చూసుకునేటోళ్లు.
ఆ నునుపు మీదనే సున్నం కాళ్లు
నాలుగు దిక్కులకు జారినయి.
పద్దెనిమిదేండ్ల పనితనం మీద
గోనెసంచులు కప్పి, సుతిలితోని అంచులు కుట్టుకుంట
మోకాళ్ల మీద కూసున్న.

మేస్త్రీ ఫోను చేసిండు.
జ్వరమన్న.
ఎవలకని, ఆయన అడగలే, నేను చెప్పలే.

తినవెట్టుడు వేరే విద్య.
తలను ఒక చేత పట్టాలె, గట్టిగ కాదు,
పచ్చి మాలు మీది టైలును జరిపేటంత.
సిరంజిల చికెన్ నీళ్లు
సగం దాని గొంతులకు, సగం నా ముంజేతి మీదికి.
ఎత్తుకుంటే ఊపొద్దు. పొట్టకు ఆనిచ్చుకొని
నిండు తట్ట మోసినట్టు నిమ్మలంగ నడవాలె.
కక్కింది. తుడిచిన. మల్ల కక్కింది.
ఒకనాడు కొరికింది గూడ. బొటనవేలు వాచి
తాపీ పట్టరాలే.
కోపమొచ్చింది, ఎందుకు దాచాలె,
బయటికి పోయి ఒక బీడీ తాగి
చేతులు కడుక్కొని లోపలికొచ్చిన.

తొమ్మిదోనాడు కండ్లల్ల రైలు ఆగింది.

పన్నెండోనాడు గోడకు భుజం రాసుకుంట
తలుపు దాక వచ్చింది.
గోడ పొడుగూత తెల్ల వెంట్రుకల గీత,
దారం కొట్టినట్టు.
సబిత తుడవలే.

తల మాత్రం ఎడమకే ఉండిపోయింది,
ఎవలో చెప్పేది ఒంగి వింటున్నట్టు.
"ఇగ అట్లనే ఉంటదేమో" అన్నది డాక్టరమ్మ.

ఇప్పుడు కోకాపేటల ఇరవై ఏడో అంతస్తుల పని.
కొత్త పోరడు తిరుమలేశు
బాత్రూం నేల సమంగ పరిచి
బుడగ నట్టనడుమ ఉన్నదని సంబురపడ్డడు.
పీకెయ్యమన్న.
"నీళ్లెటు పోవాల్రా? వాటం ఇయ్యాలె."
చెప్పుకుంట చెప్పుకుంట నా తల ఎడమకు ఒరిగిందంట,
వాడు నవ్విండు.

మాపటికి ఇంటికొస్తే
సున్నం నీళ్ల డ్రమ్ము దిక్కు చూస్తున్నది.
మునుపైతే ఒక్క దుంకు.
తల వంచి, ఇంకింత వంచి, కొలుస్తున్నది.
చాయ గిన్నె పట్టుకొని సబిత ఉన్నకాడనే ఆగింది.
దుంకింది.
అంచు అందలే. గోనెల మీద దబ్బున పడి,
అక్కడ్నే పడాలనుకున్నట్టు
కాలు నాకుకుంట కూసున్నది.

మేము చూడనట్టే
చాయ తాగినం.